చెత్త గురించి పిల్లలతో చేయించే పాఠాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

వేసవి సెలవులు మొదలైనా, బడిలో 'బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్' పోటీ పెట్టినా తల్లిదండ్రుల నుంచి, టీచర్ల నుంచి ఇవే సందేహాలు వస్తుంటాయి. ఏ ప్రశ్న కావాలంటే ఆ ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. ఇక్కడ చెప్పిన సామానంతా ఇంట్లోనో, వీధి చివరి కొట్టులోనో దొరికేదే.

## మొదలుపెట్టే ముందు

మా పాపకి నాలుగేళ్లే. ఇప్పుడే చెత్త గురించి చెప్తే అర్థమవుతుందా?

చెప్తే అర్థం కాదు, చేయిస్తే అవుతుంది. మూడు నుంచి ఐదేళ్ల వాళ్లకు 'కుళ్లేది', 'కుళ్లనిది' అనే రెండు బుట్టలు చాలు. కూర తరిగేటప్పుడు తొక్కలు అందించి ఏ బుట్టలో వేస్తారో చూడండి. ఆరు దాటితే పొడి చెత్తలో కాగితం, ప్లాస్టిక్, ఇనుము, గాజు విడదీయగలరు. తొమ్మిదేళ్ల నుంచి తూకం, లెక్క, ఎరువు బకెట్ బాధ్యత అప్పగించవచ్చు. చిన్నపిల్లలతో ఏ పనైనా పది నిమిషాల్లో ముగించేయండి. ఇంకా ఆడాలని ఉండగానే ఆపితే రేపు వాళ్లే అడుగుతారు.

చెత్త ముట్టుకోనిస్తే జబ్బులు రావా?

అది ఏ చెత్త అన్నదాన్ని బట్టి ఉంటుంది. కడిగి ఆరబెట్టిన ప్యాకెట్లు, సీసాలు, పేపర్లు, అప్పుడే తీసిన కూరగాయల తొక్కలు ఇవ్వొచ్చు. డైపర్లు, ప్యాడ్లు, వాడిన మాస్కులు, మందుల స్ట్రిప్పులు, సూదులు, బ్లేడ్లు, పగిలిన గాజు జోలికి పోనివ్వకండి. పాత రకం ట్యూబ్‌లైట్లలో, సీఎఫ్ఎల్ బల్బుల్లో పాదరసం ఉంటుంది. అన్నిటికంటే ప్రమాదం బొమ్మల్లో, రిమోట్లలో ఉండే బిళ్ల బ్యాటరీలు. మింగిన బిళ్ల అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిపోవచ్చు. వీటిని మూత గట్టిగా ఉన్న డబ్బాలో వేసి అటక మీద పెట్టండి. పెద్దవాళ్ల రబ్బరు గ్లౌజులు పిల్లల చేతులకు వదులై వస్తువులు జారిపోతాయి. వాటికంటే పని అయ్యాక సబ్బుతో చేతులు కడిగించడం మేలు.

ఎన్ని బుట్టలు పెట్టాలి? ఏ రంగువి కొనాలి?

కొనొద్దు. చెత్త తగ్గించే పాఠాన్ని కొత్త ప్లాస్టిక్ బుట్టలతో మొదలుపెట్టడం ఏం బాగుంటుంది? ఖాళీ పెయింట్ బకెట్, అట్టపెట్టె చాలు. తడి చెత్తకు ఆకుపచ్చ, పొడి చెత్తకు నీలం వాడుకలో ఉన్న రంగులు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం కింద ఇచ్చిన బుట్టల్లో మూడోది, ఎరుపుది, ప్రమాదకర చెత్తకు. దేశమంతటికీ వర్తించే చెత్త నిర్వహణ నిబంధనలు 2016లో వచ్చినప్పుడు వాటిలో మూడు రకాలు ఉండేవి. 2026 నిబంధనలు శానిటరీ చెత్తను వేరు చేసి నాలుగు చేశాయి. పిల్లలు వాడేవి మాత్రం రెండే ఉండాలి. బుట్ట మీద అచ్చు బొమ్మ అంటించే బదులు నిజం బిస్కెట్ రేపర్, ఎండుటాకు అంటించండి, చదవడం రానివాళ్లకూ తెలుస్తుంది.

## వేరు చేయడం

వేరు చేయమంటే విసుక్కుంటున్నారు. ఆటలా ఎలా మార్చాలి?

పాత దుప్పటి మీద ఇరవై వస్తువులు పోసి రెండు జట్లు చేయండి. ఒక్కో జట్టుకు నిమిషం. సరైన బుట్టలో వేస్తే ఒక పాయింటు, కడగకుండా వేస్తే ఒకటి కోత. పది వస్తువులు తేలికవి పెట్టి, మిగతా పది తగాదా వచ్చేవి పెట్టండి: టీ బ్యాగు, గుడ్డు పెంకు, కొబ్బరి చిప్ప, పేపర్ కప్పు, జ్యూస్ డబ్బా, నూనె అంటిన అట్టపెట్టె. అసలు పాఠమంతా ఆ తగాదాలోనే ఉంది.

పేపర్ కప్పు దగ్గర ఆట కాసేపు ఆపండి. టీ కొట్లో ఇచ్చే కప్పును రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున్నే పిల్లల చేత నెమ్మదిగా నలిపించండి. కాగితం ముద్దయి రాలిపోతుంది. లోపల ఉల్లిపొర లాంటి ప్లాస్టిక్ పొర కప్పు ఆకారంలోనే చేతిలో మిగులుతుంది. 'పేపర్' అని రాసి ఉన్నదల్లా కాగితం కాదని ఆ పొర చూశాక మరి చెప్పక్కర్లేదు.

పాల ప్యాకెట్ మూల కోసేస్తే తప్పేంటి?

కోసిన ఆ చిన్న ముక్కను ఎవరూ ఏరరు. అది కాలువలోకో మట్టిలోకో పోతుంది. మూల పూర్తిగా తెగకుండా ఒక గాటు పెట్టి పాలు వంపితే ముక్క ప్యాకెట్‌కే ఉంటుంది. తర్వాత అరగ్లాసు నీళ్లు పోసి ఊపి, ఆ నీళ్లు మొక్కకు పోయించండి. ప్యాకెట్‌ను బట్టల తీగకు క్లిప్పుతో తగిలిస్తే ఎండలో గంటలో ఆరుతుంది. ఐదేళ్ల పిల్లలు ఇష్టంగా చేసే పని ఇది. కడగనివి రెండో రోజుకే వాసన కొడతాయి, పాత సామాన్ల కొట్టువాడు తీసుకోడు.

సీసా అడుగున త్రికోణంలో ఉన్న అంకెకు అర్థం ఏంటి?

అది ఏ రకం ప్లాస్టిక్కో చెప్పే గుర్తు. రీసైకిల్ అవుతుందనే హామీ కాదు. 1 అంటే పెట్, నీళ్ల సీసాలు. 2 అంటే హెచ్‌డీపీఈ, షాంపూ, ఫినాయిల్ సీసాలు. 3 పీవీసీ. 4 పాల ప్యాకెట్ల ఎల్‌డీపీఈ. 5 పాలీప్రొపిలీన్, టిఫిన్ డబ్బాలు. 6 పాలీస్టైరీన్, థర్మోకోల్ కూడా ఇదే. 7 మిగతావన్నీ. ఇంట్లో ఒక్కో అంకెకూ ఒక్కో వస్తువు వెతికి తెమ్మనండి. 1, 2, 5 పాత సామాన్ల కొట్టులో పోతాయి. 3, 6, 7 కొనేవాళ్లు అరుదు.

## చేసి చూసే ప్రయోగాలు

ప్లాస్టిక్ రకాల్లో తేడా ఉందంటే నమ్మడం లేదు. కళ్లకు కనబడేలా ఏదైనా చూపించొచ్చా?

నీళ్ల సీసా నుంచి, దాని మూత నుంచి, పాల ప్యాకెట్ నుంచి, పాత సీడీ పెట్టె నుంచి గోరంత ముక్కలు పెద్దవాళ్లు కత్తిరించి ఇవ్వండి. గ్లాసుడు నీళ్లలో వేస్తే మూత, పాల ప్యాకెట్ ముక్కలు తేలతాయి, సీసా, సీడీ పెట్టె ముక్కలు మునుగుతాయి. ఇప్పుడు ఆ నీళ్లలో మూడు పెద్ద చెంచాల ఉప్పు బాగా కరిగించండి. సీడీ పెట్టె ముక్క పైకి లేస్తుంది, సీసా ముక్క అడుగునే ఉంటుంది. సాంద్రతలు చూస్తే కారణం తెలుస్తుంది: మూతలకు వాడే పాలీప్రొపిలీన్ సుమారు 0.9, హెచ్‌డీపీఈ 0.95, సీడీ పెట్టె పాలీస్టైరీన్ 1.05, సీసా పెట్ 1.38. నీళ్లు 1. రీసైక్లింగ్ ఫ్యాక్టరీల్లో సీసాలను ముక్కలు చేసి మూతల ముక్కలను విడదీసేది కూడా ఇలా నీళ్ల తొట్టిలోనే.

సీసా ముక్క తేలిందని పిల్లలు అరిస్తే దానికి గాలి బుడగలు అంటుకున్నాయన్నమాట. నీళ్లలో ఒక్క చుక్క గిన్నెల సబ్బు వేసి, ముక్కను చెంచాతో అడుగుకు నొక్కి వదలండి. థర్మోకోల్ మాత్రం ఈ ఆటలో పెట్టకండి, అది తేలేది లోపలున్న గాలి వల్ల.

ఏది కుళ్లుతుందో చూడటానికి మట్టిలో పాతిపెట్టే ప్రయోగం ఎలా చేయాలి?

అడుగు వెడల్పున్న కుండీ, తోట మట్టి కావాలి. ఉత్త కొబ్బరి పొట్టు నింపితే అందులో కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తక్కువ, నెల గడిచినా ఏమీ కాదు. అరటి తొక్క, న్యూస్‌పేపర్, పాత నూలు గుడ్డ, బాదం ఆకు, చిప్స్ ప్యాకెట్, క్యారీ బ్యాగు ఒక్కోటి అగ్గిపెట్టె అంత కత్తిరించి, వేలెడు లోతున, ఒకదానికొకటి తగలకుండా పాతండి. ఐస్‌క్రీం పుల్ల మీద పేరు రాసి గుచ్చండి. పెన్సిల్‌తో రాయాలి, పెన్ను సిరా తడికి కారిపోతుంది. మట్టి తేమగా ఉంచాలి, బురద కాకూడదు.

15, 30, 60 రోజులకు తవ్వి ఫొటో తీయండి. నెల తిరిగేసరికి అరటి తొక్క వెతికినా దొరకడం కష్టం. కాగితం ముట్టుకుంటే చినుగుతుంది. గుడ్డకు చిల్లులు పడేది ఆ తర్వాత. చిప్స్ ప్యాకెట్ మీద రంగు కూడా పోదు. గుడ్డ చెక్కుచెదరలేదంటే అందులో పాలిస్టర్ కలిసింది. 'కంపోస్టబుల్' అని రాసిన కవరు కూడా ఒకటి పాతి చూడండి. వాటిలో చాలావాటికి కంపోస్ట్ ప్లాంటులో ఉండే 55–60 డిగ్రీల వేడి కావాలి, కుండీలో అలాగే మిగలొచ్చు. రోజూ తవ్వి చూస్తామని పిల్లలు గొడవ చేస్తారు, క్యాలెండర్‌లో తేదీలకు సున్నా చుట్టి పెట్టండి.

అయస్కాంతంతో ఏమైనా నేర్పొచ్చా?

పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతంతో డబ్బాలు పరీక్షించమనండి. పాలపొడి డబ్బా అంటుకుంటుంది, కూల్‌డ్రింక్ క్యాన్ అంటుకోదు, ఎందుకంటే అది అల్యూమినియం. ఖనిజం నుంచి కొత్తగా తీసే అల్యూమినియంతో పోలిస్తే పాతదాన్ని కరిగించడానికి పట్టే శక్తి సుమారు 95 శాతం తక్కువ. ఇంట్లో కొన్ని స్టీలు గ్లాసులు అయస్కాంతానికి అంటుకోవు, పిల్లలు తికమక పడతారు. నికెల్ ఎక్కువున్న స్టీలు అంతే.

## తడి చెత్తతో ఎరువు

ఫ్లాట్‌లో ఉంటాం, పెరడు లేదు. పిల్లల చేత ఎరువు చేయించగలమా?

20 లీటర్ల ఖాళీ పెయింట్ బకెట్ శుభ్రంగా కడిగి, పక్కల పదీ పన్నెండు, అడుగున నాలుగైదు పెన్సిల్ లావు చిల్లులు పెట్టండి. ఆ పని పెద్దలది. కింద పాత పళ్లెం ఉంచండి. అడుగున నాలుగు వేళ్ల మందాన కొబ్బరి పీచు పరవండి. రోజూ ఒక కప్పు తొక్కలకు రెండు కప్పుల ఎండుటాకులో కొబ్బరి పొట్టో చొప్పున పొరలుగా వేయాలి. మొదటిరోజు గుప్పెడు పాత ఎరువు లేదా అరగ్లాసు పుల్ల మజ్జిగ కలిపితే త్వరగా అందుకుంటుంది. వారానికి రెండుసార్లు కలియబెట్టాలి. నిండాక పక్కన పెట్టేస్తే 45 నుంచి 60 రోజులు పడుతుంది.

పిల్లల పని రెండు. తొక్కలను కత్తెరతో బొటనవేలి గోరంత కత్తిరించడం, పిడికిలి పరీక్ష చేయడం. ఎరువు గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే ఎండుటాకులు వేయాలి, అసలు రాకపోతే నీళ్లు చిలకరించాలి.

కంపు కొడుతోంది, పురుగులు పడ్డాయి. పారేయాలా?

పారేయక్కర్లేదు. కుళ్లిన గుడ్డు వాసనైతే తడి ఎక్కువై గాలి ఆడటం లేదు: ఎండుటాకులు బాగా వేసి అడుగు దాకా తిరగేయండి. ముక్కు మండే ఘాటైతే ఆకుకూరలు, తొక్కలు ఎక్కువయ్యాయి, దానికీ ఎండుటాకులే మందు. చిన్న ఈగలు ముసిరితే పైన రెండు వేళ్ల మందాన పొట్టు కప్పండి. చీమలు పట్టాయంటే మరీ ఎండిపోయింది. తెల్లని బూజు మంచిదే. లావుపాటి లేత గోధుమరంగు పురుగులు చాలావరకు నల్ల సైనిక ఈగ పిల్లలు, కుట్టవు, చెత్తను మనకంటే వేగంగా తినేస్తాయి. భయపడని పిల్లలకు భూతద్దం ఇచ్చి చూపించండి. మాంసం, పెరుగన్నం, నూనె కూరలు, ఊరగాయ మాత్రం బకెట్‌లో వేయకండి.

తయారైందని ఎలా తెలుస్తుంది?

నల్లగా, పొడిపొడిగా, తొలకరి మట్టి వాసన వేస్తుంది. అనుమానముంటే చిన్న కప్పులో ఎరువు పోసి మెంతులు చల్లండి. మూడు నాలుగు రోజుల్లో చక్కగా మొలిస్తే వాడొచ్చు, మొలవకపోతే ఇంకో రెండు వారాలు ఆగాలి. మొక్కలకు ఒక పాలు ఎరువు, మూడు పాళ్లు మట్టి.

## కాగితం, బొమ్మలు

పాత న్యూస్‌పేపర్ నుంచి ఇంట్లోనే కాగితం తీయగలమా?

తీయొచ్చు. రెండు పూర్తి షీట్లు పోస్టల్ స్టాంపు అంత ముక్కలు చేసి రాత్రంతా నానబెట్టండి. పొద్దున గుప్పెడు ముక్కలకు మూడింతల నీళ్లు పోసి, పాత మిక్సీ జారులో ఆపి ఆపి అర నిమిషం తిప్పండి. నీళ్లు తక్కువైతే మోటారు మాడుతుంది. ఈ గుజ్జును నాలుగైదు లీటర్ల నీళ్లున్న టబ్బులో కలిపి అరగ్లాసు పలచని గంజి పోయండి. గంజి లేకపోతే ఆ కాగితం మీద సిరా పాకుతుంది.

పాత ఫొటో ఫ్రేముకు కిటికీ దోమల మెష్ బిగుతుగా కొట్టండి. ఫ్రేమును టబ్బులోకి నిలువుగా దించి, అడుగున పడుకోబెట్టి, తిన్నగా పైకి లేపాలి. పైకొచ్చాక ఇటూ అటూ ఒకసారి ఊపితే పొర సమమవుతుంది, నీళ్లు కారాక ఊపితే చినుగుతుంది. పాత పంచె ముక్క మీద బోర్లించి, మెష్ వెనక నుంచి స్పాంజితో నీళ్లు పీల్చి, ఒక అంచు నుంచి నెమ్మదిగా లేపండి. నీడలో ఒక రోజు ఆరనివ్వాలి. నోట్‌బుక్‌లో సగం సైజువి ఐదారు వస్తాయి. చివర్లో బంతిపూల రేకులు కలిపితే బాగుంటుంది. మిగిలిన గుజ్జు సింకులో పోస్తే పైపు మూసుకుపోతుంది, పిండి ఉండ చేసి ఎండబెట్టి దాచండి.

చేసిన కాగితం చిల్లులు పడుతోంది, వంకర్లు పోతోంది. ఎందుకు?

చిల్లులు పడితే టబ్బులో గుజ్జు చాల్లేదు. అట్టలా వస్తే ఎక్కువైంది. మెష్‌కు అంటుకుని రాకపోతే స్పాంజితో సరిగా పీల్చలేదు, లేదా మెష్ వదులుగా ఉంది. వంకర్లు పోయేది ఎండలో పెట్టడం వల్ల, కాస్త చెమ్మ ఉండగానే లావు పుస్తకాల కింద పెట్టండి. చేసిన కాగితాన్నే మళ్లీ మళ్లీ గుజ్జు చేస్తే బలహీనపడుతుంది, పీచు ప్రతిసారీ పొట్టిదవుతుంది కాబట్టి. పెద్ద మిల్లుల్లో కూడా ఒకే పీచు ఐదు నుంచి ఏడుసార్ల వరకే పనికొస్తుంది.

'బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్' పోటీకి ఏం చేయించాలి?

చాలా ఇళ్లలో ఈ పోటీకి ముందురోజు ఫ్యాన్సీ షాపులో గ్లిట్టర్, ఫోమ్ షీట్లు, గ్లూ గన్ కడ్డీలు కొంటారు. మంచి పెట్ సీసాకు అవన్నీ అంటించాక దాన్ని ఏ కొట్టువాడూ తీసుకోడు. అమ్ముడుపోయే వస్తువును చెత్తగా మార్చి బహుమతి ఇస్తున్నాం. చేయించేదేదైనా మూడు షరతులు పెట్టుకోండి: కొత్తగా ఏదీ కొనకూడదు, విడదీస్తే మళ్లీ వేర్వేరు రకాలుగా రావాలి, కనీసం నెల రోజులు ఇంట్లో వాడాలి. మైదా జిగురు, దారం, ముడులు, గాడి కోసి దూర్చడం సరిపోతాయి. రెండు చెంచాల మైదాను గ్లాసు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, చిక్కబడే దాకా ఉడికిస్తే జిగురు సిద్ధం.

డబ్బు ఖర్చు కాకుండా ఆడుకునే బొమ్మలు ఏవైనా ఉన్నాయా?

ముంజల కాలంలో ముంజకాయ బండి. ముంజలు తిన్నాక ఒకే సైజు కాయలు రెండు ఏరండి. జానెడు వేప పుల్లకు రెండు చివర్లూ చెక్కి కాయల నడిమధ్యన గుచ్చితే చక్రాలు, ఇరుసు సిద్ధం. ఇరుసు మీద పంగల కర్ర ఆనించి తోయడమే. పుల్ల మధ్యలో కాకుండా పక్కకు దిగితే బండి కుంటుతుంది. కాయలు పచ్చిగా ఉండగానే చేయాలి, ఎండితే బీటలిస్తాయి. ఆడాక పాదుల్లో వేస్తే మట్టిలో కలుస్తాయి.

మిగతా కాలాల్లో అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు. చెత్త నుంచి సైన్స్ బొమ్మలు చేయడంలో పేరున్న అరవింద్ గుప్తా (2018 పద్మశ్రీ) ప్రచారంలోకి తెచ్చిన ఆట ఇది. మందు గీకేసిన పుల్లలను ఒకటిన్నర సెంటీమీటర్ల ట్యూబు ముక్కలతో కలపాలి. త్రిభుజం కదలదు, చతురస్రం ఊగిపోతుంది. అది చూపించి ఇంటి కప్పు దూలాల గురించి అడగండి.

సీసాలో కవర్లు కుక్కి ఎకో బ్రిక్స్ చేయించమంటున్నారు. మంచిదేనా?

అంతగా సిఫారసు చేయం. అమ్ముడుపోయే పెట్ సీసా అందులో ఇరుక్కుపోతుంది, ఎండలో పెడితే కొన్నేళ్లకు పెళుసై పగులుతుంది, పైగా సీసా నింపడానికని పిల్లలు చిప్స్ ఎక్కువ కొనిపిస్తారు. బడిలో తప్పనిసరైతే కడిగి ఆరిన, ఎవరూ కొనని రేపర్లే వేయండి. లీటరు సీసా కనీసం 330 గ్రాములు తూగాలి. వదులుగా నింపితే కాలు పెట్టగానే నొక్కుకుపోతుంది.

## తగ్గించడం

రీసైకిల్ చేస్తున్నాం కదా. ఇంకా తగ్గించమని ఎలా చెప్పాలి?

చెప్పకుండా లెక్క పెట్టించండి. వారం పాటు రోజూ సాయంత్రం సూట్‌కేసు తూచే కొక్కెం త్రాసుతో తడి, పొడి చెత్త తూచి రాయించండి. బకెట్ బరువు తీసేయడం మరవొద్దు. రేపర్లను మాత్రం తూచొద్దు, లెక్కపెట్టాలి. యాభై రేపర్లు కలిసినా త్రాసు ముల్లు కదలకపోవచ్చు. వారం చివర ఏది ఎక్కువుందో ఆ ఒక్కదాన్నే పట్టుకోండి. చిన్న చిప్స్ ప్యాకెట్లయితే మిఠాయి కొట్టుకు స్టీలు డబ్బా పట్టుకెళ్లి కారప్పూస తెచ్చుకోవచ్చు. న్యూస్‌పేపర్ పొట్లంలో వద్దు, అచ్చు సిరా తిండికి అంటుతుందని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ కూడా హెచ్చరించింది.

పుట్టినరోజుకి చెత్త లేకుండా చేయడం అయ్యే పనేనా?

పూర్తిగా లేకుండా కష్టం, బాగా తగ్గించొచ్చు. టెంట్ హౌస్‌లో స్టీలు గ్లాసులు, చెంచాలు అద్దెకు దొరుకుతాయి. పళ్లేలకు మోదుగాకు, అడ్డాకు విస్తర్లు తెచ్చుకోండి, వెనక ప్లాస్టిక్ పొర లేనివి చూసి. ప్లాస్టిక్ ప్లేట్లు, చెంచాలు, స్ట్రాలు, బెలూన్లకు పెట్టే ప్లాస్టిక్ పుల్లలు, అలంకరణ థర్మోకోల్ 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం. రంగుల తోరణాలు పాత చీర అంచులతో కట్టి ఏటా వాడుకోవచ్చు.

వినాయక చవితికి మట్టి విగ్రహం బకెట్‌లో కరగడం లేదు. ఎందుకు?

పచ్చిగా ఉండగానే వేసి ఉంటారు. బంకమట్టి బాగా ఎండితేనే నీళ్లు లోపలికి చొరబడి పొరలు పొరలుగా రాలుతుంది. చెమ్మగా ఉన్న ముద్ద గంటలకొద్దీ అలాగే ఉంటుంది. ఎండిన మట్టి ఉండ ఒకటి, పచ్చిది ఒకటి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ముక్క ఒకటి మూడు గ్లాసుల్లో వేసి చూపించండి.

## కొనసాగించడం

చెత్త బండిలో అన్నీ కలిపేస్తున్నారు. మరి మనమెందుకు వేరు చేయాలని మావాడు అడుగుతున్నాడు. ఏం చెప్పాలి?

అడగడం న్యాయమే, అబద్ధం చెప్పకండి. తడి చెత్త ఇంట్లో ఎరువైతే, కడిగిన పొడి చెత్త పాత సామాన్ల కొట్టుకు వెళ్తే బండిలోకి చేరేది కాస్తే. వాటికి బండితో పని లేదు. మిగిలిన పొడి చెత్తను విడి సంచిలో కట్టి పారిశుధ్య కార్మికుల చేతికే ఇవ్వండి. అమ్ముడుపోయేవి చాలామంది పక్కకు తీసుకుంటారు, శుభ్రంగా ఉంటే వాళ్లకూ పని తేలిక.

పాత సామాన్ల కొట్టుకు పిల్లల్ని తీసుకెళ్లొచ్చా?

తప్పకుండా. రద్దీ లేని వేళ, బూట్లు వేసి తీసుకెళ్లండి. తూకం పిల్లలనే చూడనిచ్చి, వచ్చిన డబ్బులో కొంత వాళ్లకే ఇవ్వండి. కిలో రాగికి, కిలో ఇనుముకు, కిలో అట్టకు ఎంతిస్తారో అడిగి రాసుకోమనండి. తడిసిన అట్టకు ధర ఎందుకు తగ్గిస్తారో, చిప్స్ ప్యాకెట్లు ఎందుకు తీసుకోరో, ఇక్కడి నుంచి సరుకు ఏ ఊరు వెళ్తుందో కొట్టు ఆయన్నే అడగమనండి. బేరం ఆడకుండా ఓపిగ్గా అడిగే పిల్లలకు ఆయన చాలా చెప్తాడు.